అయ్యగారు గొంగళి కప్పుకున్న రోజు

ఆమధ్య పశువైద్యశాఖలో కొత్తగా చేరిన ఇద్దరు డాక్టర్లు మా ఇంటికి వచ్చారు. తాడేపల్లిగూడెంలో ఏదో మీటింగుకని వస్తే అది కాస్తా వాయిదా పడిందట. బస్సు వేళ దాకా పొద్దుపోక నన్ను వెతుక్కుంటూ వచ్చామని ఉన్నమాట చెప్పేశారు. నిజం చెప్పినందుకు ముచ్చటేసింది. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. వాళ్లలో ఉన్న అమ్మాయి, "సార్, మీ సర్వీసు మొత్తంలో మరచిపోలేని కేసు ఏదండీ?" అని అడిగింది.

కడుపులో అడ్డం తిరిగిన దూడ సంగతో, ఇంజక్షను సూది విరిగేలా తన్నిన ఒంగోలు గిత్త సంగతో చెబుతాననుకుని ఉంటుంది. "ఒక పాస్టరు గారమ్మా" అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయనకి మతి తప్పిందనుకున్నారో ఏమో! ఇంతలో బస్సుకి వేళయిపోయింది. చెప్పడం మొదలుపెట్టకుండానే వాళ్లు లేచిపోయారు. ఆ అమ్మాయి కోసమూ, ఆమె తరువాత వచ్చేవాళ్ల కోసమూ ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. బస్సు ఉన్నవాళ్లు వెళ్లిపోవచ్చు, నేనేమీ అనుకోను.

కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్లో పశువుల ఆసుపత్రికి నన్ను వేసినప్పుడు నేను నడివయసులో ఉన్నాను. ఇల్లు గూడెంలోనే. పొద్దున్నే పాసింజరెక్కి ఏలూరు, అక్కడి నుంచి బస్సు, బస్సు దిగాక కాంపౌండరు గారి మోపెడు. చలికాలంలో ఆ గట్టు మీద వెళుతుంటే నీళ్లెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. మంచులోంచి ముందు ఒక గేదె తల బయటికొచ్చేది, తరువాత గేదె వచ్చేది. తెల్లటి గూడబాతులు నీటి మీద కూర్చుని ఉండేవి. అవి పక్షులో, ఎవరో ఆరేసి మరిచిపోయిన బట్టలో దగ్గరికి పోతే గానీ తేలేది కాదు. డ్యూటీకి వెళుతున్నానో, పడుకున్నవాణ్ణి ఇంకా లేవలేదో నాకే అనుమానంగా ఉండేది. ఇప్పటికీ ఆ రోజులు తలచుకుంటే అలాగే ఉంటుంది.

మా కాంపౌండరు గారి గురించి ఒక మాట చెప్పాలి. నాకన్నా పెద్దవారు. ఏ పని చెప్పినా ముందు "అవదండీ" అనేవారు. "ఏవండీ, ఆ చివరింటి ఆవుకి కట్టు మార్చి వస్తారా?" అంటే "అవదండీ" అనేవారు. సాయంత్రానికి చూస్తే ఆవుకి కట్టు మారి ఉండేది. మొదట్లో ఒళ్లు మండేది. పోనుపోను అది ఆయన దండం పెట్టుకోవడం లాంటిదని అర్థమైంది. ఆ మాట అనకుండా ఏ పనీ మొదలుపెట్టలేరు.

ఇక పాస్టరు గారు. మా ఆసుపత్రికి ఎదురుగానే చర్చి. ఊళ్లో అందరూ ఆయన్ని అయ్యగారనే పిలిచేవారు. ఏలూరులో తివాచీలు నేసే వీధి పక్కన పుట్టి పెరిగిన మనిషి. ఉన్ని ఎలా ఉంటుందో తెలుసు గానీ గొర్రె ఎలా ఉంటుందో తెలీదు. కుక్కంటే భయం, గేదంటే భయం, నీళ్లంటే మరీ భయం. అలాంటి మనిషిని తీసుకొచ్చి కొల్లేట్లో వేశారు. ఆయనకున్నదల్లా గొంతు. ఆదివారం ఆయన చర్చిలో మాట్లాడుతుంటే మైకు లేకుండానే మా ఆసుపత్రిలో మందు సీసాలు వణికేవి. "అయ్యగారూ, మా ఇన్‌పేషెంట్లు భయపడుతున్నారండి" అని నేను ఆటపట్టించేవాణ్ణి. "వినమనండి, వాటికీ మంచిదే" అనేవారు.

చర్చి గోడ మీద నీలం రంగుతో ఆయన పేరు, దాని కింద 'సంఘ కాపరి' అని రాసి ఉండేది. ఒక మధ్యాహ్నం వాళ్ల వరండాలో కూర్చుని ఆ మాట మీద మాటల్లో పడ్డాం. మా నాన్నగారు గూడెంలో గుడి పూజారి. చిన్నప్పుడు అన్నం కలిపి ముద్దలు పెడుతూ ప్రతి మాటకీ పుట్టుక చెప్పేవారు. ఆ పిచ్చి నాకూ అంటుకుంది. గోపాలుడి నుంచి గొల్ల వచ్చిందని ఆయన అనేవారు. పాలించడమంటే ముందు కాపాడడమేననీ, తరువాత ఆ మాట వెళ్లి రాజుగారి సింహాసనం ఎక్కి కూర్చుందనీ అనేవారు. అదంతా అయ్యగారికి చెప్పాను.

"మా చదువులో పాస్టరంటే మేపేవాడని చెప్పారండి. లాటిన్ మాటట. మేపడం మాట దేవుడెరుగు, ఇక్కడ వాళ్లే నన్ను మేపుతున్నారు" అన్నారు అయ్యగారు. నిజమే. పొద్దున ఎవరో కొరమీను పులుసు పంపితే రాత్రికి ఇంకెవరో రొయ్యల వేపుడు పంపేవారు.

"ఇంగ్లీషులో షెపర్డంటే గొర్రె అన్న మాటకి మందని చూసేవాడన్న మాట అతికించారండి. వాడగా వాడగా అతుకు అరిగిపోయి ఒకే మాటైపోయింది" అన్నాను.

"మరి మన కాపరో?"

"కాచు అన్న పాత మాటండి. చేను కాచేవాడు, ఊరు కాచేవాడు, మంద కాచేవాడు. కాపు, కావలి, కాపలా, కాపరి, అన్నీ దాని పిల్లలే. ఆఖరికి కాపురం కూడా ఆ ఇంటిదేనంటారు."

"కాపురం కూడానా! ఉండండి, మా ఆవిడకి చెప్పొస్తాను" అని నిజంగానే లోపలికి వెళ్లొచ్చారు. వచ్చి కూర్చుని, కాస్త గొంతు తగ్గించి, "ఇన్నేళ్లుగా ఆ మాట నా పేరు కింద పెట్టుకున్నాను డాక్టరు గారూ. కాచే పనంటే ఏమిటో నేనెప్పుడూ చూడలేదండి" అన్నారు.

చూపించడం నాకు కష్టమేమీ కాదు. ఏటా కోతలయ్యాక మెట్ట నుంచి గొర్రెల మందలు మా వైపు దిగేవి. రైతులు రాత్రిపూట మందని తమ చేలో పడుకోబెట్టించుకుంటారు. దాన్ని మంద కట్టడం అంటారు. చేనుకి ఎరువు, కాపరికి ధాన్యం. ఎండలు ముదిరి కొల్లేరు ఎండితే మందలు ఇంకా లోపలికి, సరస్సు మధ్యదాకా గడ్డి కోసం పోతాయి. తొలకరి పడే ముందు మళ్లీ మెట్టకి ఎక్కిపోతాయి. అలా వచ్చేవాళ్లలో ఒకతను నాకు బాగా అలవాటు. పొడుగ్గా, వంగినట్టు ఉండేవాడు. ఎండాకాలంలో కూడా నల్లటి గొంగళి భుజం దిగేది కాదు. గొర్రెల కడుపులో పురుగులకి వేసే నట్టల మందు కోసం వచ్చి, మందు తీసుకుని, ఏమీ మాట్లాడకుండా కాసేపు మెట్ల మీద కూర్చుని వెళ్లేవాడు. మందలో సగమే అతనిది, మిగతా సగం అయినవాళ్లది.

అతను వచ్చిన రోజు అయ్యగారిని పిలిచాను. ఆయన ఉత్సాహంగా వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"ఏవయ్యా, గొర్రెల్ని కాయడమంటే ఏం చేస్తావు?"

అతను మందు సీసా పక్కన పెట్టాడు. "ఏం చేత్తావండీ. కాత్తావండి" అన్నాడు.

"అది కాదయ్యా, తోడేలు వస్తే కొడతావా? తప్పిపోతే వెతుకుతావా?"

"ఆయ్. వత్తే కొడతావండి. పోతే ఎతుకుతావండి. రోజూ రావు కదండీ."

"రోజూ ఏం చేస్తావు మరి?"

"అక్కడుంటానండి."

అయ్యగారు నిరాశపడ్డారు. ఆదివారం ప్రసంగానికి ఏదైనా దొరుకుతుందని ఆశపడ్డారాయన. "ఇంత చిన్న జవాబుతో అరగంట ఎలా మాట్లాడనండీ?" అని నా దగ్గర వాపోయారు. ఆ ముచ్చట అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆ ఏడు తొలకరి ముందే వచ్చేసింది. మెట్టలో కుండపోతగా కురిసింది. తమ్మిలేరు పొంగి నీళ్లన్నీ కొల్లేటి మీద పడ్డాయి. సముద్రం మీద నుంచి గాలి ఎదురు కొట్టడంతో కొల్లేటి నీళ్లని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు వాటిని దించుకోవడం మానేసింది. నిన్న గడ్డి ఉన్నచోట ఇవాళ నీళ్లు. మందలన్నీ అప్పటికే వెళ్లిపోయాయి. మా గొంగళి మనిషి మాత్రం ఉండిపోయాడు. ఒక రైతు ఇంకొన్నాళ్లు మంద కట్టి వెళ్లమని బతిమాలితే మాట కాదనలేకపోయాడు. తోడు వచ్చిన బావమరిది పొట్టేళ్లని తోలుకుని సంతకి వెళ్లాడు, చెరువు గట్ల దారి తెగిపోయి తిరిగి రాలేకపోయాడు.

పొద్దున్నే ఆసుపత్రిలో అడుగుపెట్టగానే నా సెల్‌ఫోను మోగింది, గొంగళి మనిషే. "డాట్రుగారండీ, మంద చిక్కడిపోయిందండి. చెరువు గట్టు దిబ్బ మీదున్నామండి. ముసల్దానికి కాలు తొలిగిందండి. కట్టుకట్టే మందేదైనా అట్టుకొత్తారా?" అని అడిగాడు. తన సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. ముసల్దంటే మందకి ముందు నడిచే గొర్రె. అది ఎటు పోతే మిగతావన్నీ అటు పోతాయి.

"అవదండీ, ఆ నీళ్లలో పడవ నిలవదు" అన్నారు కాంపౌండరు గారు. అని, వెళ్లి పడవ మాట్లాడుకొచ్చారు. పడవతను చర్చికి వెళ్లే మనిషి. అయ్యగారు గట్టు మీద ప్రార్థన చేసి పంపుదామని వచ్చారు. ఏమనుకున్నారో, ప్రార్థన మధ్యలో ఆపి, చెప్పులు చేత పట్టుకుని పడవెక్కి కూర్చున్నారు. ఈత రాదు. దారంతా కళ్లు మూసుకునే ఉన్నారు.

నీళ్లలో గుర్రపుడెక్క గుట్టలు గుట్టలుగా కొట్టుకొస్తోంది. పడవతను గెడకర్రతో దాన్ని తోసుకుంటూ, నిలువెత్తు కిక్కిస గడ్డి మధ్యలోంచి పడవని నడిపాడు. వాన సన్నగా పడుతోంది. అన్నీ బూడిదరంగులో కలిసిపోయి ఉన్నాయి. ఆ బూడిదలోంచి ముందు గొర్రెల వాసన వచ్చింది, తరువాత అరుపులు వచ్చాయి, చివరికి దిబ్బ కనబడింది. ఎప్పుడో తెగ్గొట్టిన చేపల చెరువు గట్టులో మిగిలిన ముక్క అది. ఒకదాన్నొకటి ఒరుసుకుని వందదాకా గొర్రెలు. వాటి మధ్యలో కర్ర పట్టుకుని అతను.

నేను దిగి ముసలిగొర్రె కాలు చూశాను. సరిచేసి కట్టు కట్టాను. పెద్ద కష్టమేమీ కాలేదు. నేను గొర్రె కాలు చూస్తున్నంతసేపూ అయ్యగారు మనిషి కాలు చూస్తున్నారు.

"ఆ తువాలెందుకు చుట్టావయ్యా?"

"ముల్లండి."

"విప్పు."

విప్పాడు. పాదం నుంచి మోకాలి దాకా కాలు వాచి నున్నగా మెరుస్తోంది. మడమ పైన రెండు గాట్లు. నోరు తెరవమన్నాను. చిగుళ్ల వెంట నెత్తురు జీరలు. రక్తపింజర. నీళ్లు తరిమిన పాములన్నీ ఆ దిబ్బల మీదికే చేరతాయి. తెల్లవారుజామున కరిచిందట. మా దగ్గర దానికి మందు లేదు. ఏలూరు పెద్దాసుపత్రికి చేరితే బతుకుతాడు, లేకపోతే లేదు.

ముగ్గురం పట్టి అతన్ని పడవెక్కించాం. పడవ కదిలిందో లేదో వెనక ధబ్బుమని చప్పుడు. ముసలిగొర్రె కట్టుతో సహా నీళ్లలోకి దూకింది. దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకో నాలుగు. గుర్రపుడెక్కలో కాళ్లు చిక్కుకుని గిలగిలా కొట్టుకుంటున్నాయి. దిబ్బ మీద మిగిలినవన్నీ అంచుకి తోసుకొచ్చేస్తున్నాయి. అతను పడవలోంచి నీళ్లలోకి పడ్డాడో దూకాడో తెలీదు. వాచిన కాలితోనే దిబ్బ మీదికి పాకాడు. నాలుకతో టుర్ర్... టుర్ర్... అని ఒక శబ్దం చేశాడు. తోపులాట ఆగింది. దూకినవాటిని చెవులు పట్టి, తోకలు పట్టి లాగాం. రెండు మాత్రం దక్కలేదు.

అతను దిబ్బ మీద కూలబడి ఆయాసపడుతున్నాడు. "నేను రానండి" అన్నాడు.

"చచ్చిపోతావయ్యా!" నేను అరిచాను. కోపంగానే అరిచాను.

"ఎల్తే అయ్యన్నీ చత్తాయండి. ఉంటే నేనొక్కణ్ణేనండి."

పడవ చిన్నది. గొర్రెల్ని దాటించాలంటే బల్లకట్టు కావాలి, అది రావాలంటే సాయంత్రమవుతుంది. అప్పటిదాకా అతను ఆగలేడు. అంత చదువూ చదివి ఆ వానలో నిలబడి ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు అయ్యగారు అతని పక్కన బురదలో కూర్చుని నెమ్మదిగా అడిగారు. "అవి నిన్ను చూసి దూకుతున్నాయా? గొంగళిని చూసి దూకుతున్నాయా?"

అతను ఆయన వైపు వెర్రిగా చూశాడు. "ఏమోనండి. గొంగళి లేకుండా నేనెప్పుడూ లేనండి."

"ఇలా ఇవ్వు."

"అవదండీ" అన్నారు కాంపౌండరు గారు, అంటూనే అతని భుజం మీంచి గొంగళి తీసి అయ్యగారికి కప్పారు. తడిసి బరువెక్కి, వాసన కొడుతోంది. అయ్యగారి కళ్లద్దాలు తప్ప ఏమీ కనబడటం లేదు. అతను కర్ర కూడా ఇచ్చాడు.

"మాటాడకండయ్యగారండీ. మీ గొంతు ఆటికి కొత్తండి. కదలకండి, మీరు లేత్తే అయ్యీ లేత్తాయండి. నడవాల్సొత్తే ఎనక్కి చూడకండి, చూత్తే ఆగిపోతాయండి" అన్నాడు. ముసలిగొర్రె మెడ మీద ఒకసారి చెయ్యి వేశాడు. ఎక్కువసేపు ఉంచలేదు. పడవ అడుగున పడుకున్నాడు. పైన టార్పాలిన్ కప్పాం. నొప్పికి మూలిగితే గొర్రెలు గుర్తుపడతాయని తువాలు నోట్లో కుక్కుకున్నాడు. తన మందని విడిచి, చప్పుడు చెయ్యకుండా, దొంగలా వెళ్లిపోతున్నాడు పాపం. టార్పాలిన్ కిందినుంచి అతని వేళ్లు పడవ అంచుని పట్టుకుని ఉండటం నాకు కనబడింది. గడ్డి చాటుకి పోయేదాకా ఆ వేళ్లనే చూస్తూ నిలబడ్డాను.

కాంపౌండరు గారు అతనితో వెళ్లారు. నేనెందుకు ఉండిపోయానంటే, మనిషిని పడుకోబెట్టాక పడవలో చోటు లేక. అంతకన్నా గొప్ప కారణం చెప్పుకుంటే బాగుంటుంది గానీ, లేదు.

పడవ వెళ్లగానే గొర్రెలన్నీ తలలెత్తాయి. అరుపులు ఆగిపోయాయి. అది అరుపుల కన్నా భయంగా ఉంది. ముసలిగొర్రె కుంటుకుంటూ అయ్యగారి దగ్గరికి వచ్చి గొంగళిని వాసన చూసింది. అంచు చూసింది, భుజం దగ్గర చూసింది, మొహం దాకా మూతి తెచ్చింది. అయ్యగారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. అది ఒక తుమ్ము తుమ్మింది. తరువాత ముందుకాళ్లు మడిచి ఆయన మోకాలికి ఆనుకుని పడుకుంది. కాసేపటికి దాని దవడలు కదిలాయి. నెమరు వేస్తోంది. ఒకదాని తరువాత ఒకటి మిగతావీ పడుకున్నాయి. పైకే పోయాయనుకున్న నా ప్రాణాలు మెల్లగా దిగొచ్చాయి.

ఆ తరువాతి గంటలు ఎలా గడిచాయంటే నాకు సరిగా చెప్పడం రాదు. చుట్టూ నీళ్లు. వాన నీళ్ల మీద పడుతున్న చప్పుడు ఎక్కడా తెగకుండా వినబడుతోంది. వంద గొర్రెలు నెమరు వేస్తుంటే వచ్చే చిన్న చప్పుడు ఒకటుంది. అన్నేళ్ల సర్వీసులో దాన్ని నేను ఎప్పుడూ వినలేదు. విన్నాక నిద్రలాంటిది కమ్మింది. గూడబాతులు మా పక్క నుంచే తేలుకుంటూ పోయాయి. మేం కూడా తేలుతున్నామేమోననిపించింది. దిబ్బ కదులుతోందా, నీళ్లు కదులుతున్నాయా అని చాలాసేపు ఆలోచించి, ఏదైనా ఒకటేలే అనుకున్నాను.

అయ్యగారికి మాత్రం కలలు కనే వీల్లేదు. ఆయన కాలు మార్చుకుంటే తలలన్నీ లేచేవి. దగ్గు వస్తే మింగుకోవడమే. ఆ గొంతున్న మనిషి, మాట మీద బతికే మనిషి, పెదవి విప్పకుండా కూర్చున్నారు. నేను నా టోపీలో వాన నీళ్లు పట్టి ఆయన నోటికి అందించాను. మధ్యాహ్నం ఎప్పుడో ఆయన నా వైపు చూసి, కళ్లతో తన నడుం కిందికి చూపించి, దీనంగా మొహం పెట్టారు. ఏం కావాలో అర్థమైంది. ఏం చెయ్యను? రెండు చేతులూ జోడించి దండం పెట్టాను. ఆయన నవ్వబోయి ఆపుకున్నారు. ఇద్దరం చెరోవైపు తిరిగి భుజాలు కుదుపుకుంటూ నవ్వుకున్నాం. చావు అంచున కూర్చుని అంతలా నవ్వానంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

నీళ్ల అంచున నేనొక పుల్ల గుచ్చాను. నీళ్లు దాన్ని దాటి వచ్చాయి. ఇంకో పుల్ల గుచ్చాను. దాన్నీ దాటాయి. తరువాత గుచ్చడం మానేశాను. నాకు భయం వేసింది, దాచేదేముంది? అయ్యగారి వైపు చూశాను. ఆయన నీళ్లని చూడటం లేదు. ముసలిగొర్రె చెవి మీద వాలుతున్న ఈగని చూస్తున్నారు.

సాయంత్రానికి మనుషుల కేకలు వినబడ్డాయి. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి బల్లకట్టు చేసుకొచ్చారు. ఆ బల్లలు ఎక్కడివంటే చర్చిలోవి. ఊళ్లో పలకలు దొరక్కపోతే ఆడవాళ్లే చర్చి తాళం తీసి బల్లల కాళ్లు పీకించి ఇచ్చారట. కాంపౌండరు గారు ఒడ్డు నుంచి ఫోను చేసి చెప్పిన పనులివన్నీ. "అవదండీ" అన్న తరువాతే చెప్పి ఉంటారు.

అయ్యగారు లేవాలి. లేవలేకపోయారు. కాళ్లు రెండూ తిమ్మిరెక్కి పోయాయి. చంకల కింద చేతులు వేసి లేపాను. మంద మొత్తం లేచింది. ఆయన కర్ర ఊనుకుంటూ, వెనక్కి చూడకుండా, తన చర్చి బల్లల మీద అడుగుపెట్టారు. వెనక కుంటుకుంటూ ముసల్ది, దాని వెనక మంద. నీళ్లంటే అంత భయమున్న మనిషి ఆ పూట కళ్లు మూసుకోలేదు.

గొర్రెల్ని చర్చి ఆవరణలో ఉంచారు. బావమరిది సంత నుంచి నేరుగా ఏలూరు ఆసుపత్రికే వెళ్లి అతని దగ్గర ఉండిపోయాడు. ఏలూరు నుంచి కాంపౌండరు గారు రోజూ ఫోను చేసేవారు. సూదిమందు పని చేసిందన్నారు. తరువాత కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. ఇంకోరోజు, డాక్టర్లు ఏమీ చెప్పడం లేదన్నారు. ఆ రోజు అయ్యగారు అన్నం తినలేదు. గొంగళి తీసేస్తే గొర్రెలు మేతకి కదలటం లేదు. అందుకని ఆయన వాటి ముందు గొంగళితోనే చెరువు గట్ల వెంట తిరిగేవారు. ఆదివారం కూడా గొంగళితోనే గుమ్మంలో నిలబడి ప్రసంగం చేశారు. బల్లలు లేవు గనక జనం నేల మీద కూర్చున్నారు. కిటికీల్లోంచి గొర్రెలు తొంగి చూశాయి. "ఆ కంపు నా వల్ల కాదండీ డాక్టరు గారూ, మీరైనా చెప్పండి" అని అయ్యగారి భార్య నాతో మొరపెట్టుకుంది. చెప్పాను. "వాటికి కంపు కాదు కదండీ" అన్నారాయన.

చివరికి ఒక మధ్యాహ్నం గట్టు మీద ఆటో ఆగింది. అతను దిగాడు. సగమైపోయాడు. ఆటో ఊచ పట్టుకుని నిలబడ్డాడు, కాంపౌండరు గారు రెండో చెయ్యి పట్టుకున్నారు. అయ్యగారు మంద ముందు నిలబడి ఉన్నారు. అతను ఎవరినీ పలకరించలేదు. నాలుకతో ఒక్కసారి టుర్ర్ మన్నాడు. గాలికి సరిగా వినబడనైనా లేదు.

మంద ఒక్కసారిగా విరుచుకుపడింది. ముందు ముసల్ది, కుంటికాలితోనే. అయ్యగారిని ఢీకొట్టి, తొక్కి, బురదలో పడేసి, అన్నీ ఆ గొంతు వైపు పరుగెత్తాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. అతను వాటి మధ్య కూలబడిపోయాడు. ముసల్దాని మెడలో మొహం పెట్టుకుని గట్టిగా ఏడ్చాడు. పడవలో ఒక్క మూలుగైనా మూలగని మనిషి!

నేను పరుగెత్తుకెళ్లి అయ్యగారిని లేపబోయాను. ఆయన బురదలో కూర్చుని నవ్వుతున్నారు. చూస్తుండగానే ఆ నవ్వు ఏడుపైపోయింది. "చూశారా డాక్టరు గారూ, ఒక్కటి కూడా చూడలేదండి నన్ను" అన్నారు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాసేపటికి అతను కర్ర సాయంతో మా దగ్గరికి వచ్చాడు. వంగి అయ్యగారి కాళ్లకి దణ్ణం పెట్టబోతే ఆయన ఆపేశారు. గొంగళి విప్పి అతని భుజాన వేశారు.

"నాకెందుకయ్యా దండం? నేనేం చేశాను? అక్కడ కూర్చున్నాను, అంతే."

అతను గొంగళి సర్దుకున్నాడు. అయ్యగారు వేళాకోళం ఆడుతున్నారేమోనని ఆయన మొహంలోకి కాసేపు చూశాడు.

"అంతేనండయ్యగారండీ" అన్నాడు. "పనంతా అదేనండి."